పోపుల డబ్బాలో సముద్రపు పురుగులు

పురుగు అనగానే మొహం చిట్లించేవాళ్ళతో నాకు జన్మంతా పేచీయే. పగడపు దిబ్బ మాట ఎత్తితే చాలు, రంగురంగుల చేపలంటారు, ఫొటో ఉంటే చూపించమంటారు. ఆ రాయి లోపల ఎవరుంటారని ఒక్కరూ అడగరు. కొబ్బరికాయంత పగడపు రాయిలో వందల పురుగులుంటాయి బాబూ, వందలు! వెంట్రుకంత సన్నటివి, వేలెడేసివి, వీపంతా పొలుసులున్నవి, తలమీద పువ్వు విప్పుకుని కూర్చునేవి. ఒకటి తొలిచిన కన్నంలో ఇంకొకటి కాపురం పెడుతుంది. ఆ పైన తిరిగే అందమైన చేపల్లో చాలావాటికి ఇవే తిండి. పాతికేళ్ళు పిల్లలకు ఈ పాఠమే చెప్పి రిటైరయ్యాను. కానీ నేను వాటిని మొదటిసారి కళ్ళారా చూసింది సముద్రపు ఒడ్డున కాదు, ఖరగ్‌పూర్‌లో, మా రైల్వే క్వార్టర్ వంటింట్లో.

అరవైల చివర్లో సంగతి. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పడ్డ కుటుంబం మాది. మా లైనులో సగం ఇళ్ళు అటువైపు వాళ్ళవే. నేను బీఎస్సీ ఆఖరి సంవత్సరం, జువాలజీ. వాల్తేరులో ఎమ్మెస్సీ సీటు కావాలని పట్టుబట్టి కూర్చున్నాను. మార్కులు చూస్తే అంతంతమాత్రం. మా మాస్టారు బెంగాలీ ఆయన, ఊళ్ళోనే ఇందా పేటలో ఉండేవారు. మొహమాటం లేకుండా చెప్పేశారు: ప్రాక్టికల్ పరీక్షకు కలకత్తా నుంచి వచ్చే ఎగ్జామినరు నా కలెక్షన్ చూసి మెచ్చుకుంటే, ఆ మాట పట్టుకుని తాను వాల్తేరుకు ఉత్తరం రాస్తానని. మెచ్చుకోకపోతే? దానికి నాన్న దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. గోల్‌బజార్‌లో టైపు నేర్పే చోటొకటి చూసి పెట్టాడు. టైపు వస్తే రైల్వే ఆఫీసులో ఓ కుర్చీ దొరక్కపోదని ఆయన ఆశ. ఆ కుర్చీ తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండేది.

తోటివాళ్ళందరూ దగ్గర్లోని దీఘా సముద్రపు ఒడ్డుకు వెళ్ళి గవ్వలు ఏరుకొచ్చారు. ఏటేటా అవే గవ్వలు, అవే సీసాలు. నేను అందరిలా చేస్తే నేనెందుకవుతాను? ఆ ఏడు నాన్న రైల్వే పాసు మీద రామేశ్వరం వెళ్ళాలని అమ్మకు మొక్కు ఉంది. ఆ ప్రాంతంలో పగడపు రాళ్ళు దొరుకుతాయని పుస్తకంలో చదివాను. మాస్టారిని అడిగితే ఆయన కళ్ళు మెరిశాయి. ఏ రాయి ఏరాలో, ఎలా తేవాలో వివరంగా చెప్పారు. ఇనుప డబ్బా పనికిరాదు, ఇత్తడి బిందె అసలే వద్దు, గాజుదో పింగాణీదో కావాలి. రాయి ఒకదాంట్లో, మార్చడానికి మంచి సముద్రపు నీళ్ళు ఇంకోదాంట్లో. ఇంటికి తెచ్చాక కదపకుండా ఉంచితే నీళ్ళు పాతబడేకొద్దీ లోపలి పురుగులు ఊపిరాడక వాటంతట అవే బయటికొస్తాయి. అప్పుడు భేదికి వేసుకునే ఉప్పు కొంచెం కలిపి మత్తెక్కించి, ఆ తర్వాత ఫార్మలిన్‌లో వెయ్యాలి. ఇదంతా నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వాళ్ళకేం అర్థమవుతుందని నా లెక్క.

పింగాణీవి అంటే మా ఇంట్లో ఉన్నవి రెండు ఆవకాయ జాడీలు. ఎందుకని అడక్కుండా అమ్మ ఉన్న ఊరగాయ గిన్నెల్లోకి తోడేసి, చింతపండు పెట్టి, బూడిద పెట్టి, కారం వాసన పోయేదాకా తోమి ఎండబెట్టి ఇచ్చింది. పాంబన్ దగ్గర సున్నం కాల్చడానికి పగడపు రాళ్ళు బళ్ళమీద తోలుతుండేవారు. ఇప్పుడు ముట్టుకుంటే కేసు పెడతారు, అప్పుడు అడిగేవాడు లేడు. వల లాగుతున్న ఒకాయన నీళ్ళలోంచి అప్పుడే పైకొచ్చిన రాయి ఒకటి ఊరికే చేతిలో పెట్టాడు. ఒళ్ళంతా కన్నాలు, పైన నాచు, చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. అమ్మ ఒక కన్నంలోకి తొంగి చూసింది. లోపల ఏవైనా ఉంటాయా అంది. బోలెడు ఉంటాయన్నాను.

"పాపం, అవి లోపలుండగానే ఇల్లు ఎత్తుకొచ్చేస్తన్నావేటే?" అంది.

అమ్మది అదే వరస. రేషన్ బియ్యంలో పురుగులు ఏరితే పొయ్యిలో పడెయ్యదు, పెరట్లోకి తీసుకెళ్ళి గడ్డిలో దులిపి వస్తుంది. ఆ రోజుల్లో రేషన్ బియ్యం అంటే సగం రాళ్ళు, మట్టిబెడ్డలు. రోజూ అన్నం వండే ముందు చాట ముందేసుకుని గంటన్నర ఏరేది. నాకు ఆ జాలి చూస్తే నవ్వూ విసుగూ రెండూ వచ్చేవి. నవ్వి ఊరుకున్నాను.

తిరుగు ప్రయాణం చెప్పుకుంటే నవ్వొస్తుంది. మూడు రోజులు ఆ జాడీలను ఒళ్ళో పెట్టుకున్నంత పని చేశాను. రైలు పెట్టెలో ఎక్కిన ప్రతివాడి కళ్ళూ వాటి మీదే. బరంపురంలో ఎక్కిన పెద్దాయన పూరీ పొట్లం విప్పుతూ, ఆంధ్రా ఆచార్ కదా, ఓ ముక్క పెట్టమ్మా అని చెయ్యి చాపాడు. ఇందులో రాయి ఉందంటే నమ్మలేదు. పిసినారి పిల్ల అనుకున్నాడు పాపం.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. మర్నాడు పొద్దున్నే నేను ఇందా పరుగెత్తాను, మాస్టారికి చెప్పి ఫార్మలిన్ తెచ్చుకోవాలని. వెళుతూ, జాడీలమీద గుడ్డ తడిపి ఉంచమని మాత్రం అమ్మతో అన్నాను. అంతే. ఆ నీళ్ళు దేనికో, ఎందుకు ముట్టుకోకూడదో ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే చెంపలేసుకోవాలనిపిస్తుంది.

మా లైనులో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా పాసు మీద యాత్రకు వెళ్ళొస్తే మర్నాడు పొద్దున్న అందరూ చెంబులు, సీసాలు పట్టుకుని తీర్థానికి వస్తారు. కాశీ అయితే గంగ, రామేశ్వరం అయితే అక్కడి నీళ్ళు. రామేశ్వరంలో గుడి ఎదుటి సముద్రాన్నే అగ్నితీర్థం అంటారు. నేను జాడీలు నింపింది అక్కడే. అమ్మ కళ్ళముందే నింపాను. ఇంక ఆమె ఏమనుకుంటుంది? మనిషికో చెంబుడు పోసింది. ఒక జాడీ ఖాళీ అయింది. ఇంకా జనం వస్తూనే ఉన్నారు. లైను చివరింటి క్రైస్తవుల అత్త కూడా, ఏ దేవుడి నీళ్ళయినా మోకాళ్ళకు మంచివేనని సీసా పంపింది. లేదనలేక రాయి ఉన్న జాడీలోంచి కూడా తోడింది అమ్మ. రాయి నీళ్ళలోంచి బయటపడి ఎండిపోతున్నట్టు కనిపించింది. లోపలివి దాహానికి చచ్చిపోతాయేమోనని కంగారుపడి కుళాయి నీళ్ళు నిండా పోసింది.

నేను ఫార్మలిన్ సీసాతో ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటింది. జాడీ పైగుడ్డ తీసి చూశాను. రాయిలోంచి పురుగులు కుప్పలు కుప్పలుగా బయటికొచ్చేశాయి. మంచినీళ్ళు తగిలి ఉబ్బిపోయి, మెలికలు తిరుగుతున్నాయి. కొన్ని అప్పటికే ముక్కలైపోయాయి. అంత పెద్ద గుంపును నేనెప్పుడూ చూడలేదు, చూసిన క్షణంలోనే అది చచ్చిపోతోంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. చప్పగా ఉంది.

జరిగింది అమ్మ చెప్పింది. అగ్నితీర్థం అడిగినవాళ్ళను వట్టి చేతులతో ఎలా పంపను అంది. నాకు కోపం వస్తే కళ్ళు కనిపించవు, ఇప్పటికీ అంతే.

"రెండచ్చరాలు రాని మనిషివి, నీకేటి తెలుసని ముట్టుకున్నావు? నా సదువు కుళాయి నీళ్ళల్లో కలిపేసినావు" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. నేను వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. టైపు మిషన్ టకటకలు చెవిలో వినిపించాయి. ఏడ్చి ఏడ్చి నిద్రపోయాను.

వర్క్‌షాపు సాయంత్రం కూతకు మెలకువ వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. వంటింట్లోకి వెళితే అమ్మ గుమ్మం వెలుతురులో చాట వేసుకున్నట్టే కూర్చుని ఉంది. ఒళ్ళో చాట లేదు. ముందు పోపుల డబ్బా ఉంది. ఆవాలు, జీలకర్ర, మెంతులు అన్నీ కాగితాల్లో పొట్లాలు కట్టి పక్కన పెట్టింది. ఆ ఏడు గిన్నెల్లోనూ నీళ్ళు, నీళ్ళలో పురుగులు. ఏడూ చాలక కొబ్బరి చిప్పలు తెచ్చింది, క్యారియర్ మూతలు తెచ్చింది, ఆఖరికి దీపారాధన కుందులు కూడా. చేతిలో చీపురుపుల్ల, దాని కొసకు దూది చుట్టి ఉంది. ఒక్కో పురుగునూ దాంతో ఎత్తి దాని గిన్నెలో వేస్తోంది.

ఉప్పునీళ్ళలో పుట్టినవాటిని చప్పనీళ్ళు పోసి తానే చంపానని ఆమెకు అర్థమైంది. వెంటనే రాళ్ళ ఉప్పు కరిగించింది. ఎంత వెయ్యాలి? అగ్నితీర్థంలో మునిగినప్పుడు నోట్లోకి పోయిన నీళ్ళ రుచి గుర్తు తెచ్చుకుంటూ, నాలుక మీద వేసుకుని చూస్తూ, అంత ఉప్పు చేసింది. చివర్లో బయటికొచ్చినవి కొన్ని ఆ నీళ్ళలో పడి తేరుకున్నాయి కూడా. నిజంగా తేరుకున్నాయి! ఒక గిన్నెలో పొలుసుల పురుగు అంచు వెంట నడుస్తోంది.

నేను కింద కూలబడ్డాను. ఏ జాతికి ఆ జాతి కలపకుండా వేరు చేసింది ఆవిడ. చిప్పలో మెడ లోపలికీ బయటికీ లాక్కుంటూ వేరుశెనగ గింజలంతవి. మూతలో తలనిండా సేమ్యాలాంటి పోగులున్నవి. కుందిలో రిబ్బనులా బల్లపరుపుగా ఉన్నది ఒక్కటే. కంటికి ఆననంత చిన్నవి ఒక గిన్నె నిండా. లెక్కపెడితే పందొమ్మిది రకాలు. మొత్తం ఎన్నో నాలుగొందలదాకా లెక్కపెట్టి ఆపేశాను. పుస్తకంలో నాకు తెలిసినవి అయిదో ఆరో.

రెండు గిన్నెల్లో మాత్రం ఒకటే రకం ఉన్నట్టు అనిపించింది. రెండూ ఎర్రటివే, పొడుగువే, వెలుతురు పడితే ఇంద్రధనుస్సు మెరుపు ఉన్నవే. ఈ రెంటినీ కలిపెయ్యమన్నాను. కోపం చల్లారినా నా పెత్తనం చల్లారలేదు మరి.

"కలపకే. ఇవీ అవీ ఒకటి కావు" అంది అమ్మ. "ఈటికి పక్కన ఎర్రగా దువ్వెనపళ్ళున్నాయి, ఆటికి నేవు. మీసాలు లెక్కెట్టి సూడు. ఈటికి ఐదు, ఆటికి మూడు."

నాకు కనిపించలేదు. నాన్న షిఫ్టు దిగి వచ్చాక ఆయన భూతద్దం పెట్టి చూశాను. ఐదు. మూడు. పక్కన దువ్వెనలా ఉన్నవి మొప్పలు. మాస్టారిచ్చిన పుస్తకంలో ఆ తేడాకు ఒక పేజీ ఉంది, నేను చదివాను, చదివి మర్చిపోయాను. అమ్మకు పేజీ లేదు, రోజూ బియ్యం ఏరిన కళ్ళున్నాయి. భేది ఉప్పు కలిపి, ఫార్మలిన్ పోసి, పందొమ్మిది సీసాలు కట్టాను. ఆదివారం నాన్న ఉలీ సుత్తీ పెట్టి రాయిని మెల్లగా చీల్చిచ్చాడు. గొట్టాలు కట్టుకుని బయటికి రాకుండా లోపలే ఉండిపోయినవి ఇంకో నాలుగు రకాలు దొరికాయి.

ఆ ఆదివారమే అమ్మ చపాతీ పిండి కలపలేక నన్ను పిలిచింది. ఎందుకని చేతులు చూస్తే వేళ్ళన్నీ ఎర్రగా వాచి ఉన్నాయి. ఆ రాయిలో ఒళ్ళంతా తెల్లటి వెంట్రుకలున్న పురుగొకటి ఉంటుంది, ఆ వెంట్రుకలు ముట్టుకుంటే గాజుముక్కల్లా విరిగి చర్మంలో దిగుతాయి, నిప్పు పెట్టినట్టు మండుతుంది. దూది జారినప్పుడల్లా వేళ్ళతో ఎత్తిందట. మూడు రోజులుగా ఆ చేతులతోనే వంట చేసింది, అంట్లు తోమింది. నాతో ఎందుకు చెప్పలేదే అంటే, అన్నింటిని చంపిన చేతులు కదా, ఆమాత్రం మండనీ అంది. నాకు ఏడుపాగలేదు. గోధుమపిండి ముద్ద చేసి ఆ వేళ్ళమీద దొర్లించి దొర్లించి వెంట్రుకలు లాగాను. సాయంత్రమంతా అదే పని. నన్ను క్షమించమ్మా అని అడగాలనిపించింది. మా ఇళ్ళల్లో తల్లిని ఎవరు అలా అడుగుతారు? అడగలేదు.

తర్వాత లేబుళ్ళు రాశాను. రికార్డు పుస్తకం మొదటి పేజీలో, ఈ సేకరణ, ఈ వేరుచేయడం అంతా నా స్వంత కృషి అని ఒక మాట అచ్చేసి ఉంటుంది, దాని కింద సంతకం చెయ్యాలి. దేని మీద సంతకమని అమ్మ అడిగింది. చెప్పాను. వేరేవాళ్ళ చెయ్యి పడితే పరీక్ష పోతుందా అంది. పోతుందన్నాను, నేను పూర్తిగా ఆలోచించకుండానే. అమ్మ పోపుల డబ్బా మరోసారి వేడినీళ్ళతో తోమి, ఆవాలు తిరిగి పోసుకుంది.

పరీక్ష రోజు కలకత్తా నుంచి వచ్చినాయన పొట్టిగా, విసుగ్గా ఉన్నారు. దీఘా గవ్వలు చూసి చూసి ఆవలిస్తూ నా బల్ల దగ్గరికొచ్చారు. ఆవలింత ఆగిపోయింది. ఒక్కో సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూశారు. ఆ రెండు ఎర్రవాటి దగ్గర ఆగారు. సీసాలు రెండూ పక్కపక్కన పట్టుకుని, జేబులోంచి భూతద్దం తీసి, చాలాసేపు చూశారు. ఎమ్మెస్సీ పిల్లలు కూడా వీటిని కలిపేస్తారు, ఈ రెంటినీ విడదీసింది ఎవరు అని ఇంగ్లీషులో అడిగారు. మా మాస్టారు నా వైపే చూస్తున్నారు. వాల్తేరు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది.

నేనే సార్, అన్నాను.

చూసే కన్ను కొందరికే ఉంటుంది, అది చదివితే వచ్చేది కాదు అని ఆయన మాస్టారితో అన్నారు. నా వైపు వేలు చూపించి మరీ అన్నారు. మాస్టారు ఆ సాయంత్రమే ఉత్తరం రాస్తానన్నారు.

బయటికొస్తే గేటు దగ్గర నీడలో అమ్మ ఉంది. మధ్యాహ్నం తినకుండా పోయానని క్యారియర్ పట్టుకుని లైను నుంచి నడిచొచ్చింది. ఎలా రాశావని అడగలేదు, ఏం మార్కులొస్తాయని అడగలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, ఎవరూ వినకుండా అడిగింది.

"నాను ముట్టుకున్నానని ఆల్లకి సెప్పనేదు కదా?"

చెప్పలేదమ్మా, అన్నీ నేనే చేశానన్నాను అని చెప్పాను.

అమ్మ పెద్దగా ఊపిరి విడిచింది. "బతికించినావు తల్లీ. నా సేతుల వల్ల నీ సదువు పోద్దేమోనని నాకు తిండి సయించడం నేదు" అంది. మచ్చలు ఇంకా పోని వేళ్ళతో నా తల నిమిరింది. పక్కనే గట్టుమీద కూర్చోబెట్టి అన్నం కలిపి పెట్టింది. నేను మొత్తం తిన్నాను.

ఆ తర్వాత ఆమె ముప్ఫై ఏళ్ళు బతికింది. ఎగ్జామినరు అన్న మాట నేను ఒక్కసారి కూడా ఆమెకు చెప్పలేదు. చెబితే, ఆయన మెచ్చుకున్నది ఎవరినో ఆమెకు తెలిసిపోయేది.